దీర్ఘకాలిక నిద్రలేమికి సీబీటీ: పడక మీద గడిపే సమయాన్ని ఎలా సరిదిద్దుకోవాలి

వారానికి కనీసం 3 రాత్రులు నిద్ర పట్టకపోవడమో, నడిరాత్రి మెలకువ వచ్చి మళ్ళీ కన్ను మూతపడకపోవడమో 3 నెలలుగా సాగుతూ ఉంటే దానిని దీర్ఘకాలిక నిద్రలేమిగా పరిగణిస్తారు. పెద్దవారిలో దీనికి మొదటి చికిత్సగా కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీనే (సీబీటీ, అంటే నిద్రను చెడగొట్టే అలవాట్లను, ఆలోచనలను మార్చే చికిత్స) ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫార్సు చేసింది.

ముందుగా రెండు వారాలు నిద్ర డైరీ రాయండి. ఎప్పుడు పడుకున్నారో, ఇంచుమించుగా ఎప్పుడు నిద్ర పట్టిందో, మధ్యలో ఎంతసేపు మెలకువగా ఉన్నారో, ఎప్పుడు లేచారో ఉదయం పూట అంచనాగా రాసుకుంటే చాలు. రాత్రి గడియారం చూసి మరీ రాస్తే ఆ చూడడమే నిద్రను చెడగొడుతుంది.

అసలు పని ఆ తరువాత మొదలవుతుంది. నిద్ర చాలని వారు సాధారణంగా పెందలాడే పడక చేరి, ఉదయం ఆలస్యంగా లేస్తారు. దానివల్ల పడక మీద మేలుకుని ఉండే సమయమే పెరుగుతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు పడుకుని సగటున 6 గంటలే నిద్రపోతున్న వ్యక్తి నిద్ర సామర్థ్యం, అంటే పడక మీద గడిపిన సమయంలో నిజంగా నిద్రపోయిన భాగం, సుమారు 67 శాతం. ఆ వ్యక్తి పడక సమయాన్ని కూడా ఆ 6 గంటలకే పరిమితం చేయాలి: లేచే వేళను ఉదయం 6 గంటలకు స్థిరపరచుకోవాలి, అర్ధరాత్రి 12కు ముందు పడక చేరకూడదు. నిద్ర సామర్థ్యం వారం సగటు 85 శాతం దాటితే 15 నిమిషాలు పెందలాడే పడుకోవాలి, దాటకపోతే అలాగే కొనసాగించాలి. డైరీ ఎంత తక్కువ చూపినా పడక సమయాన్ని 5 గంటల కన్నా తగ్గించకూడదు. మొదటి వారాల్లో పగటి మగత తప్పదు గనుక వాహనం నడపడంలో జాగ్రత్త అవసరం. మూర్ఛ, బైపోలార్ రుగ్మత, చికిత్స పొందని స్లీప్ అప్నియా (నిద్రలో శ్వాస పదేపదే ఆగిపోయే సమస్య) ఉన్నవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఈ పద్ధతికి పూనుకోరాదు.

నిద్ర ముంచుకొచ్చినప్పుడే పడక చేరండి. ఇరవై నిమిషాలు గడిచినట్లు అనిపించినా నిద్ర రాకపోతే లేచి, మసక వెలుతురులో ఉత్సాహం రేపని పని ఏదైనా చేసుకుని, కళ్ళు బరువెక్కాకే తిరిగి వెళ్ళండి. పగటి కునుకు మానేయాలి. సాయంత్రం కాఫీ మానమనే సలహా మంచిదే కానీ, అదొక్కటే ముదిరిన నిద్రలేమిని నయం చేయదు.

“ఈ రాత్రి నిద్ర పట్టకపోతే రేపు ఏ పనీ కాదు” వంటి ఆలోచనలను సాయంత్రమే కాగితం మీద పెట్టి, గతంలో సరిగా నిద్రలేని మరునాడు నిజంగా ఏయే పనులు ఆగాయో, ఏవి సాగాయో పక్కనే రాయండి. మొత్తం చికిత్స సాధారణంగా 4 నుంచి 8 సెషన్లు పడుతుంది. ఇప్పటికే నిద్రమాత్రలు వాడుతున్నవారు వాటిని తమంతట తాము ఒక్కసారిగా ఆపకుండా, వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించుకోవాలి.