కార్బన్ డాట్లతో సెన్సింగ్ – 5వ పాఠం: వెలుగు నిజంగానే తగ్గిందా?

గత పాఠంలో డయాలసిస్ చేసి శుభ్రపరచుకున్న కార్బన్ డాట్ల (కాంతి వేస్తే వెలిగే, నానోమీటర్ల సైజు కార్బన్ రేణువుల) ద్రావణంతోనే ఇవాళ్టి పని. 350 నానోమీటర్ల కాంతి వేస్తే అది 450 దగ్గర నీలంగా వెలుగుతుంది. అందులో ఫెర్రిక్ క్లోరైడ్ కలిపితే వెలుగు తగ్గుతుంది. అంతవరకు ఎవరు చేసినా వచ్చేదే. ఇక్కడే చాలామంది తొందరపడి "ఇది ఇనుమును పసిగట్టే సెన్సార్" అని రాసేస్తారు. వెలుగు ఎందుకు తగ్గిందో తేల్చుకోవడమే ఈ పాఠం.

ఫెర్రిక్ అయాన్ల ద్రావణం పసుపుగా ఉంటుందని తెలిసిందే. అంటే అది కాంతిని పీల్చుకుంటోంది, అదీ మనం డాట్లపై వేసే అతినీలలోహిత కాంతినే. డాట్లకు చేరాల్సిన కాంతిలో కొంత దారిలోనే పోతుంది. డాట్లు వెలువరించిన కాంతిలోనూ కొంత క్యూవెట్ (ద్రావణం పోసే చిన్న పారదర్శక గిన్నె) దాటకముందే పోతుంది. దీన్ని ఇన్నర్ ఫిల్టర్ ప్రభావం అంటారు. దీపం అలాగే ఉంది, మనమే మధ్యలో తెర కట్టాం.

దిద్దుబాటు కష్టమేమీ కాదు. అదే ద్రావణానికి 350 దగ్గర, 450 దగ్గర అబ్జార్బెన్స్ (ద్రావణం ఆ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చెప్పే సంఖ్య) కొలవండి. రెండూ కూడి సగం చేయండి. 10ని ఆ సంఖ్య ఘాతానికి పెంచి, వచ్చినదానితో ఫ్లోరిమీటర్ (వెలువడే వెలుగును కొలిచే పరికరం) రీడింగును గుణించండి. ఒక సెంటీమీటరు క్యూవెట్‌లో, కాంతిని లంబకోణంలో చూసే మామూలు ఫ్లోరిమీటర్‌కు ఇది సరిపోతుంది. అబ్జార్బెన్స్ 0.3 దాటితే మాత్రం దిద్దుబాటును నమ్ముకోవద్దు, ద్రావణాన్ని పలచన చేయండి.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఇనుము లేనప్పుడు రీడింగ్ 1000, అబ్జార్బెన్సులు 0.05, 0.01. వాటి మొత్తంలో సగం 0.03, గుణకం 1.072, దిద్దిన విలువ 1072. ఇప్పుడు 200 మైక్రోమోలార్ ఫెర్రిక్ కలిపాం. రీడింగ్ 700, అబ్జార్బెన్సులు 0.27, 0.03. సగం 0.15, గుణకం 1.413, దిద్దిన విలువ 989. దిద్దకముందు 30 శాతం పడిపోయినట్టు కనిపించింది. దిద్దాక అసలు తగ్గుదల 8 శాతమే! మిగతాదంతా తెర పని.

ఆ 8 శాతం సంగతేమిటి? వెలుగు తగ్గుదలను కలిపిన పదార్థపు గాఢతతో ముడిపెట్టే స్టెర్న్-వోల్మర్ సూత్రం ప్రకారం మొదటి వెలుగును తర్వాతి వెలుగుతో భాగిస్తే 1.084. అందులోంచి 1 తీసేసి గాఢతతో (0.0002 మోలార్) భాగిస్తే మోలార్‌కు 420. దీన్ని డాట్ల లైఫ్‌టైమ్‌తో (కాంతిని పీల్చుకున్నాక వెలుగు వెలువరించేదాకా సగటున పట్టే సమయం), ఇక్కడ 5 నానోసెకన్లతో భాగిస్తే సెకనుకు, మోలార్‌కు 8,400 కోట్లు. నీళ్లలో రెండు కణాలు వెతుక్కుంటూ వచ్చి ఢీకొనే వేగానికి హద్దు సుమారు 1,000 కోట్లు. హద్దును ఎనిమిది రెట్లు దాటింది కాబట్టి ఇది ఢీకొనడం వల్ల జరిగింది కాదు. ఇనుము డాట్ల ఉపరితలంపై ఉన్న కార్బాక్సిల్ గుంపులకు ముందే అతుక్కుని ఉండాలి. దీన్నే స్టాటిక్ క్వెంచింగ్ అంటాం.

లైఫ్‌టైమ్ కొలిచే వీలుంటే కొలవండి. ఢీకొనడం వల్లయితే వెలుగుతోపాటు లైఫ్‌టైమ్ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. స్టాటిక్ అయితే మారదు. ఇక్కడో తిరకాసుంది: ఇన్నర్ ఫిల్టర్ వల్ల కూడా లైఫ్‌టైమ్ మారదు. అందుకే "లైఫ్‌టైమ్ మారలేదు కాబట్టి స్టాటిక్" అనే వాదన అబ్జార్బెన్స్ దిద్దుబాటు చూపించనంతవరకు చెల్లదు.

బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) విషయంలోనూ జాగ్రత్త. ఫెర్రిక్ లవణం ద్రావణాన్ని ఆమ్లంగా మారుస్తుంది. డాట్ల వెలుగు పీహెచ్‌ను బట్టి మారుతుంది కాబట్టి, ఇనుము లేకుండా అంతే ఆమ్లం కలిపిన కంట్రోల్ తప్పనిసరి. ఫాస్ఫేట్ బఫర్ వాడితే ఇనుము ఫాస్ఫేట్‌కే అతుక్కుపోతుంది. తటస్థ పీహెచ్‌లో హైడ్రాక్సైడుగా అడుగుకు దిగుతుంది, ఆ మసక కూడా రీడింగును చెడగొడుతుంది.

జీవకణాల్లో చేసే ప్రయోగాలకు ఇది ఇంకా ముఖ్యం. కణంలో వదులుగా తిరిగే ఇనుము ఎక్కువగా ఫెర్రస్ రూపంలో, మైక్రోమోలార్ స్థాయిలోనే ఉంటుంది. బయటి నుంచి వందల మైక్రోమోలార్ ఫెర్రిక్ పోసి, మైక్రోస్కోప్ కింద వెలుగు తగ్గిన ఫొటో చూపిస్తే, కణంలో ఉన్న ఇనుమును చూసినట్టు కాదు. నా మటుకు నేను అలాంటి ఫొటోను రుజువుగా ఒప్పుకోను.

అభ్యాసం: ఈసారి ఇనుము బదులు 20 మిల్లీమోలార్ పొటాషియం అయోడైడ్. కలపకముందు రీడింగ్ 800, అబ్జార్బెన్సులు 0.04, 0.00. కలిపాక 400, అబ్జార్బెన్సులు 0.10, 0.02. లైఫ్‌టైమ్ 6 నుంచి 3.3 నానోసెకన్లకు దిగింది. ఇది తెరా, అతుక్కోవడమా, ఢీకొనడమా? వేగాన్ని హద్దుతో పోల్చి చెప్పండి. జవాబు 6వ పాఠం మొదట్లో ఇస్తాను.