పాత అంబాసిడర్‌కు టచప్ రంగు ఎందుకు కలవడం లేదు?

మా ఇంట్లో 1984 నాటి అంబాసిడర్ ఉంది. నాన్నగారు కొన్నది, మీగడ రంగు. ఎడమ తలుపు అంచున రూపాయి బిళ్ళంత చోట రంగు ఊడిపోతే, దాన్ని కలపడానికి మూడు డబ్బాలు కొన్నాను. మొదటి రెండూ తలుపు మీద మచ్చల్లా తేలాయి. తప్పు రంగు కలిపినవాళ్ళది కాదని మూడో డబ్బా నాటికి అర్థమైంది. ఏ రంగుకు కలపాలో, ఏ రకం పెయింటుతో కలపాలో నేనే వాళ్ళకు సరిగ్గా చెప్పలేకపోయాను.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే వెళ్ళిపోయింది. కొత్త కార్లకు దొరికినట్టు రంగు కోడ్ చూసి కొనుక్కునే టచప్ పెన్ను ఈ బండ్లకు దొరుకుతుందని ఆశపడకండి. రంగు కలిపించుకోవాల్సిందే.

డబ్బా మీద పేరు అదే, అయినా అతుకు కనిపిస్తోంది

పేరు కంపెనీ నాటిది, బండి మీదున్న రంగు ఈనాటిది. నలభై ఏళ్ళ ఎండకు పెయింటులోని జిగురు పదార్థం పైపొరలో విరిగిపోతుంది. తలుపు మీద వేలితో రాస్తే సుద్దలాంటి పొడి అంటుకునేది అందుకే. ఎరుపులు వెలిసిపోతాయి, తెలుపులు పసుపు బారతాయి. అది కూడా బండి అంతటా ఒకేలా జరగదు. బానెట్, పైకప్పు ఎక్కువగా దెబ్బతింటాయి, తలుపుల కింది భాగం తక్కువగా.

అందుకని ముందుగా రంగు ఊడిన చోటు చుట్టూ జానెడు మేర రబ్బింగ్ కాంపౌండుతో (పెయింటు పైపొరను సన్నగా అరగదీసే ముద్ద) మెత్తగా రుద్దండి. పొడి పోయి అసలు పొర బయటపడుతుంది. షేడ్ కార్డు పెట్టి చూడాల్సింది దాని పక్కనే. నేను మొదటిసారి డిక్కీ లోపలి రంగు చూపించాను. అక్కడ ఎండ తగలలేదు కాబట్టి అదే అసలు రంగు అనుకున్నాను. అసలు రంగు అదే, కానీ నా తలుపు రంగు అది కాదు. బండి మొత్తానికి కొత్తగా పెయింటు వేయిస్తుంటే డిక్కీ లోపల చూడండి. చిన్న మచ్చ దిద్దుతుంటే ఆ మచ్చ పక్కన చూడండి.

ఇంకో సంగతి. బండికి మధ్యలో ఎప్పుడైనా మళ్ళీ రంగు వేశారేమో తెలుసుకోండి. ఊడిన చోట అంచును 800 నంబరు వాటర్ పేపరుతో (నీళ్ళతో తడిపి రుద్దే గరుకు కాగితం) ఏటవాలుగా అరగదీస్తే, నరికిన మాను మీద వలయాల్లా పొరలు ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి. మా తలుపులో రెండు మీగడ రంగులు, వాటి మధ్య ఒక బూడిద రంగు ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) బయటపడ్డాయి.

కొట్లో కలిసింది, ఎండలోకి తెస్తే వేరే రంగు

చీరకు జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? ట్యూబులైటు కింద సరిపోయిందనిపించినా, చీర చెంగునీ ఆ గుడ్డనీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి వెలుతురులో చూస్తాం. పెయింటుకూ అదే నియమం. రెండు రంగులు వేర్వేరు రంగు పొడులతో తయారైనప్పుడు ఒక వెలుతురులో ఒకేలా, మరో వెలుతురులో వేరుగా కనిపించవచ్చు. నలభై ఏళ్ళ కిందటి పొడులు, ఇప్పటి టింటర్లు (రంగు కలపడానికి వాడే గాఢమైన రంగులు) ఒకటి కావు కాబట్టి పాత బండ్లకు ఈ చిక్కు తరచుగా ఎదురవుతుంది.

దీనికి నాకు బాగా పనికొచ్చిన ఉపాయం చెబుతాను. ఒక అట్టముక్కకు ముందు ప్రైమర్, దాని మీద కలిపిన రంగు రెండు పూతలు వేసి ఆరనివ్వండి. మధ్యలో పావలా కాసంత రంధ్రం చేసి అట్టను తలుపు మీద ఆనించండి. చుట్టూ కొత్త రంగు, రంధ్రంలోంచి పాత రంగు. తేడా ఉంటే కన్ను వెంటనే పట్టేస్తుంది. నేరుగా ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి, దీపం వెలుగులో ఒకసారి చూడండి. మూడింటిలోనూ పూర్తిగా కలవకపోతే పగటి నీడలో కలిసినదానికే ఓటు వేస్తాను, బండిని ఎక్కువగా చూసేది ఆ వెలుతురులోనే.

రంగును కొలిచే యంత్రం ఉన్న కొట్టయితే మంచిదే. అయితే పొడి పట్టిన తలుపు మీద పెడితే అది పొడి రంగునే కొలుస్తుంది, కాంపౌండు రుద్దాకే పెట్టించండి. యంత్రం ఇచ్చిన పాళ్ళు మొదటి మెట్టు మాత్రమే. చివరి దిద్దుబాటు అనుభవం ఉన్న కన్ను చేయాలి, ముఖ్యంగా తెలుపు, మీగడ రంగులకు. తెలుపులో ఒక్క చుక్క నలుపు పడితే మురికి దేరుతుంది, కాస్త పసుపు ఎక్కువైతే వెన్నలా అయిపోతుంది. చుక్క చుక్కగా వేస్తూ, ప్రతిసారీ అట్ట మీద ఆరబెట్టి చూడమని ఓపికగా అడగండి. కలిపేవారికి విసుగు రావచ్చు, అయినా అడగండి.

తడిగా ఉన్నప్పుడు కలిసింది, ఆరాక ముదిరింది

చాలా సాదా రంగులు ఆరాక కొంచెం ముదురుతాయి. డబ్బాలో పుల్ల ముంచి పోల్చడం అందుకే పనికిరాదు. లేత రంగు పలుచగా పడినప్పుడు అడుగున ఉన్న ఎర్రటి రెడాక్సైడ్ ప్రైమర్ కూడా తొంగిచూస్తుంది, మీగడ రంగు గులాబీ ఛాయకు తిరుగుతుంది. పైన బూడిద లేదా తెల్ల ప్రైమర్ ఒక పూత వేసి మొదలుపెట్టండి.

టచప్ వేసిన కాసేపటికి అంచుల్లో ముడతలు

ఇది రంగు తప్పు కాదు, రకం తప్పు. నా రెండో డబ్బా ఇలాగే పోయింది.

మనవాళ్ళు డ్యూకో అని పిలిచే ఎన్.సి. పెయింటు నైట్రోసెల్యులోజుతో చేసినది. డ్యూపాంట్ కంపెనీ 1920లలో దాన్ని కార్లకు తెచ్చింది. అప్పటిదాకా కారు రంగు ఆరడానికి రోజులు, వారాలు పట్టేది, దీనితో గంటల్లోకి వచ్చింది. ఇది థిన్నర్ ఆవిరైపోవడం వల్ల మాత్రమే ఆరుతుంది, కాబట్టి మళ్ళీ థిన్నర్ తగిలితే కరుగుతుంది. ఎనామిల్ అలా కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. దాని మీద ఎన్.సి. థిన్నర్ పడితే పొర ఉబ్బి ముడతలు పడుతుంది. హార్డెనర్ కలిపి వేసే పి.యు. (పాలీయురెథేన్) పెయింటు రసాయనిక చర్యతో గట్టిపడుతుంది, థిన్నర్‌కు సులభంగా లొంగదు.

మీ బండి మీద ఏముందో తేల్చడానికి, కనిపించని చోట, తలుపు మూసే గడప వైపున, ఎన్.సి. థిన్నర్‌లో ముంచిన దూదిని అర నిమిషం అద్ది ఉంచండి. రంగు దూదికి అంటి జిగటైతే ఎన్.సి.; పొర లేచి ముడత పడితే ఎనామిల్; ఏమీ కాకపోతే పి.యు. లాంటి, థిన్నర్‌కు లొంగని పెయింటు అని భావించవచ్చు. పైన క్లియర్ కోటు (రంగు లేని మెరుపు పూత) ఉందో లేదో తెలియాలంటే 2000 నంబరు వాటర్ పేపరుతో తడిపి రుద్దండి. వచ్చే నురగ బండి రంగులో ఉంటే క్లియర్ లేదు. తెల్లగా ఉంటే ఉంది. తెల్ల బండి మీద మాత్రం ఈ పరీక్షను నమ్మకండి.

ఎన్.సి. మీద ఎన్.సి. వేయండి. ఎనామిల్ అయితే టర్పెంటైన్‌తో పలుచన చేసిన ఎనామిలే వేయండి, ఓపికగా ఆరనివ్వండి. పి.యు. హార్డెనర్లలోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకు ప్రమాదం. వాటిని ఇంటి వరండాలో స్ప్రే చేయకండి, తగిన శ్వాస రక్షణ, సదుపాయం ఉన్న పెయింటరుకు అప్పగించండి.

వేసిన చోట తెల్లటి మంచు పట్టింది

వానాకాలం విజయవాడలోనో విశాఖలోనో ఎన్.సి. వేసినవారికి ఇది పరిచయమే. థిన్నర్ త్వరగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ చేరి పొరలో చిక్కుకుంటుంది. పొడిగాలి ఉన్న రోజున మధ్యాహ్నం పూట వేయండి, లేదా నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్ కొంచెం కలపండి. ఇప్పటికే మంచు పట్టి ఉంటే అదే రిటార్డర్‌ను పలుచగా ఒక పూత స్ప్రే చేస్తే చాలాసార్లు తెలుపు పోతుంది.

రంగు కలిసింది, కానీ చుక్క గుంటలాగో దిబ్బలాగో ఉంది

ఎన్.సి. ఆరుతూ కుంగుతుంది. ఒకేసారి నిండుగా నింపకండి. తుప్పును గీకి, ప్రైమర్ వేసి, సన్న కుంచెతోనో అగ్గిపుల్ల కొసతోనో పలుచని పూతలు వేస్తూ, మధ్యలో ఆరనిస్తూ, చుట్టూ ఉన్న మట్టం కన్నా వెంట్రుకవాసి పైకి తీసుకురండి. తర్వాత కనీసం వారం ఆగండి. నేను రెండు రోజులకే తొందరపడి అరగదీసి మళ్ళీ గుంట తెచ్చుకున్నాను. వారం తర్వాత చిన్న చెక్కముక్కకు 2000 పేపరు చుట్టి, సబ్బునీళ్ళతో దిబ్బ వరకే అరగదీసి, కాంపౌండు పట్టించండి.

మెటాలిక్ రంగులైతే కుంచెతో కలవవు. అల్యూమినియం రేకులు ఏ దిక్కున పడుకున్నాయన్నదాన్ని బట్టి ఛాయ మారుతుంది, కుంచె వాటిని చిందరవందర చేస్తుంది. చీమ తలంత చుక్కకైతే ఫరవాలేదు, అంతకు మించితే స్ప్రే చేసి పక్క భాగంలోకి కలిపేయాలి.

రంగు కుదిరిన రోజున టింటర్ల పాళ్ళు, పెయింటు రకం, తేదీ కాగితం మీద రాయించుకుని, అట్టముక్కతో పాటు దాచుకోండి. మిగిలిన ఎన్.సి.ని పెద్ద డబ్బాలో వదలకుండా, మూత బిగుతైన చిన్న గాజు సీసాలో మెడ దాకా నింపండి. హార్డెనర్ కలిపిన పి.యు. నిల్వ ఉండదు, గంటల్లో సీసాలోనే గట్టిపడుతుంది.