గీజరు, ఏసీ ఎంత కరెంటు కాలుస్తున్నాయో ఇంట్లో ఎలా తేల్చుకోవాలి?

తెలంగాణలో గృహజ్యోతి వర్తించే ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకూ బిల్లు సున్నా. అది దాటిందంటే మొత్తం యూనిట్లకూ కట్టాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లోనూ శ్లాబు మారేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది. అందుకే ఏ వస్తువు ఎంత కాలుస్తోందో తెలుసుకోవాలని అందరికీ ఉంటుంది. టేబుల్ ఫ్యాను, టీవీ సంగతైతే ఓ చిన్న ప్లగ్ మీటరు కొని పెట్టుకుంటే పని అయిపోతుంది. గీజరు, ఏసీ, బోరు మోటారు, కరెంటు కారు ఛార్జరు అలా కాదు. వీటి దగ్గర తప్పు పద్ధతిలో కొలిస్తే లెక్క తేలకముందే సాకెట్ కాలుతుంది.

ముందు ఆంప్స్ (వైరులో ఎంత కరెంటు పారుతోందో చెప్పే కొలత) లెక్క చూసుకోండి. వస్తువు మీద రాసిన వాట్లను 230తో భాగిస్తే దాదాపు ఎన్ని ఆంప్స్ లాగుతుందో తెలుస్తుంది. 2000 వాట్ల గీజరు 8.7 ఆంప్స్, 3000 వాట్లది 13 ఆంప్స్, 3.3 కిలోవాట్ల కారు ఛార్జరు 14కి పైన. పైగా గీజరు పావుగంటలో ఆగిపోతుంది, కారు ఛార్జరు మాత్రం గంటల తరబడి అదే జోరుతో లాగుతూనే ఉంటుంది. అసలు ప్రమాదం అక్కడే.

ఆంప్స్ రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ప్లగ్ పిన్నుకూ సాకెట్‌కూ మధ్య పట్టు వదులై 0.1 ఓమ్ అడ్డు ఏర్పడిందనుకోండి. 13 ఆంప్స్ పారితే ఆ ఒక్క చోటే 17 వాట్ల వేడి పుడుతుంది. రెండు ఎల్‌ఈడీ బల్బులు తినేంత కరెంటు, గోరంత చోట వేడిగా మారుతోందన్నమాట. ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరగడం, కాలిన వాసన రావడం ఇలాగే మొదలవుతాయి. మధ్యలో కరెంటు కొలిచే స్మార్ట్ ప్లగ్ ఒకటి పెట్టారంటే అలాంటి అతుకులు ఇంకొన్ని పెరిగినట్టే. దాని మీద 16 ఆంప్స్ అని రాసి ఉన్నా ఆ అంకె మామూలుగా హీటరు లాంటి లోడుకే వర్తిస్తుంది. మోటారు, పాత రకం ఏసీ కంప్రెసరు స్టార్ట్ అయ్యే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు లాగుతాయి. 16 ఆంప్స్ ప్లగ్‌ను 6 ఆంప్స్ సాకెట్‌లో పెట్టడానికి అమ్మే కన్వర్టర్ల జోలికి అసలు పోవద్దు.

కాబట్టి నేను పాటించే పద్ధతి ఒకటే: పెద్ద లోడు కరెంటును కొత్త పరికరం గుండా పారనివ్వకుండా, బయట నుంచి కొలవాలి.

1. ఉన్న మీటరుతోనే మొదలుపెట్టండి

దీనికి పైసా ఖర్చు లేదు, ఒక్క వైరు కూడా ముట్టుకోనక్కర్లేదు. డిస్కం (కరెంటు సరఫరా చేసే సంస్థ) వాళ్ళు పెట్టిన మీటరు మీద ఎర్రగా మెరిసే చిన్న లైటు ఉంటుంది. దాని పక్కనే ఒక అంకె ముద్రించి ఉంటుంది. చాలా మీటర్లలో అది 3200. అంటే ఆ లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు. మీ మీటరులో వేరే అంకె ఉండొచ్చు, చూసుకోండి.

ఇప్పుడు డీబీ బాక్సులో (ఇంటి లైన్లన్నీ విడిపోయే పెట్టె) గీజరు ఎంసీబీ (లోడు మించితే తానే ఆగిపోయే స్విచ్చు) ఒక్కటి ఉంచి మిగతావన్నీ ఆపండి. ఇన్వర్టరు ఉంటే దాని ఛార్జింగ్ కూడా ఆపాలి. బ్యాటరీ ఛార్జ్ అవుతుంటే లెక్క తప్పుతుంది, చాలామంది మర్చిపోయేది ఇదే. గీజరు వేయకముందు లైటు మెరవకూడదు. అన్నీ ఆపినా మెరుస్తోందంటే ఇంకేదో వాడకంలో ఉంది, లేదా ఎక్కడో లీకేజీ ఉంది. ముందు అది తేల్చుకోండి.

గీజరు వేసి, మీటరును ఫోన్‌లో 30 సెకన్లు వీడియో తీయండి. తర్వాత నెమ్మదిగా నడిపించుకుంటూ మెరుపులు లెక్కపెట్టండి. 3200 మీటరుకు సూత్రం తేలిక: మెరుపులను 1125తో గుణించి, సెకన్లతో భాగించాలి. 30 సెకన్లలో 53 మెరుపులు వస్తే 1125 × 53 ÷ 30, అంటే దాదాపు 1990 వాట్లు. 2000 వాట్ల గీజరు సరిగ్గానే నడుస్తోందన్నమాట. వేరే అంకె ఉన్న మీటరైతే 36,00,000ను ఆ అంకెతో భాగించి, వచ్చినదాన్ని 1125 బదులు వాడండి.

వాట్లు తక్కువ వస్తే గీజరును తిట్టుకోకండి. వోల్టేజీ 190కి పడిపోయిన సాయంత్రం అదే గీజరు 1365 వాట్లే లాగుతుంది. నీళ్ళు కాగడం ఆలస్యమవుతుంది తప్ప యూనిట్లు మిగలవు.

ఈ పద్ధతి గీజరుకు బాగా పనికొస్తుంది. 15 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60కి కాచడానికి దాదాపు 0.6 యూనిట్ పడుతుంది, 2000 వాట్ల గీజరుకు 18 నిమిషాల పని. ఇన్వర్టర్ ఏసీకి మాత్రం అర నిమిషం లెక్క చాలదు. గది చల్లబడ్డాక అది జోరు తగ్గించేస్తుంది. రాత్రి పడుకునే ముందు, పొద్దున లేవగానే మీటరు రీడింగ్ రాసుకోండి. ఏసీ వేయని రాత్రి కూడా అలాగే రాసుకుని తేడా తీయండి.

2. క్లాంప్ మీటరు

ఇది వైరు చుట్టూ దవడలా పట్టుకుని ఆంప్స్ చెబుతుంది. వైరు కోయక్కర్లేదు, ఊడదీయక్కర్లేదు. కొనేటప్పుడు ఆల్టర్నేటింగ్ కరెంటు (ఇంటికి వచ్చే రకం) కొలుస్తుందా, దాని మీద క్యాట్ 3 (డీబీ బాక్సు లాంటి చోట వాడటానికి తగిన భద్రతా స్థాయి) అని రాసి ఉందా చూడండి. మరీ చౌక రకాల మీద రాసిన మాటను నమ్మలేం. పేరున్న కంపెనీది తీసుకోండి.

ఒక చిక్కుంది. గీజరు కేబుల్ మొత్తాన్ని పట్టుకుంటే మీటరు సున్నా చూపిస్తుంది. ఫేజులో వెళ్ళేది, న్యూట్రల్‌లో తిరిగొచ్చేది ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఫేజు వైరు ఒక్కదాన్నే పట్టాలి, అది విడిగా దొరికేది డీబీ బాక్సు లోపలే. ఆ మూత మీరు తీయకండి. మెయిన్ ఆపేసినా, మెయిన్‌కు వచ్చే వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది. ఇన్వర్టరు, ఇంటి మీద సోలార్ ఉంటే అటునుంచీ రావచ్చు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఒక్కో ఎంసీబీ వైరుకూ క్లాంప్ పెట్టించి అంకెలు రాసుకోండి. గంటలోపు పని. స్క్రూలు వదులుగా ఉంటే అప్పుడే బిగించమనండి, మెయిన్ ఆపాకే.

క్లాంప్ చూపేది ఆంప్స్ మాత్రమే. గీజరుకైతే వోల్టేజీతో గుణిస్తే వాట్లు వచ్చేస్తాయి. మోటారు లాగే ఆంప్స్ అన్నీ పనిగా మారవు (దీన్నే పవర్ ఫ్యాక్టర్ లెక్క అంటారు) కనుక అసలు వాట్లు అంతకంటే తక్కువ ఉంటాయి.

3. రోజూ చూసుకోవాలంటే

డీబీ బాక్సులోనే కూర్చునే ఎనర్జీ మానిటర్లు దొరుకుతాయి. రెండు రకాలు. ఒకదానిలో లోడు కరెంటు మొత్తం దాని గుండానే పారుతుంది. రెండోదానిలో వైరు చుట్టూ సీటీ అనే చిన్న రింగు ఉంటుంది, పరికరానికి వచ్చేది కొలతకు కావలసిన కాస్త కరెంటే. 16 ఆంప్స్ దాటే లైన్లకు రెండోదే నా ఓటు. రింగు పాడైనా గీజరు వైరింగ్‌కు ఏమీ కాదు. అమర్చేటప్పుడు ఎలక్ట్రీషియన్‌తో ఈ సంగతులు మాట్లాడండి:

- మానిటరుకు వోల్టేజీ ఇచ్చే వైర్లకు విడిగా 6 ఆంప్స్ ఎంసీబీ ఉండాలి.
- రింగు మీది బాణం గుర్తు లోడు వైపు చూడాలి. తిరగేస్తే వాట్లు మైనస్‌లో వస్తాయి, లేదా అసలు కనిపించవు.
- లైన్‌లో కరెంటు పారుతుండగా రింగు వైర్లను మానిటరు నుంచి పీకకూడదు. కొన్ని రకాల రింగుల్లో ఆ చివర ప్రమాదకరమైన వోల్టేజీ పుడుతుంది.
- మూడు ఫేజుల కనెక్షనైతే మూడు రింగులు కావాలి. ఒక్క ఫేజు చూసి మూడుతో గుణిస్తే లెక్క రాదు.
- పనంతా మీ ఇంటి మెయిన్ తర్వాతే. డిస్కం మీటరు సీలు జోలికి పోతే అది విద్యుత్ చట్టం 2003 కింద నేరం.

మానిటరు పెట్టాక ఒక రోజంతా దాని యూనిట్లనూ, డిస్కం మీటరు యూనిట్లనూ పక్కపక్కన రాసి చూడండి. కొంచెం తేడా మామూలే. పదింట ఒక వంతు తేడా వస్తే రింగు సరిగ్గా మూసుకోలేదేమో, ఏదైనా సర్క్యూట్ దాన్ని తప్పించుకుపోతోందేమో చూడమనండి.

పనిలో పనిగా సాకెట్ వేడి కూడా చూడండి. గీజరు పావుగంట నడిచాక ఎంసీబీ ఆపి, ప్లగ్ ప్లాస్టిక్ మీద చేతి వెనకవైపు ఆనించండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్, ప్లగ్ రెండూ మార్చాలి, వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉందో లేదో చూడమనాలి. ముప్పై మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసి షాక్ నుంచి కాపాడే స్విచ్చు) లేని ఇల్లైతే మానిటరు కన్నా ముందు దానికి డబ్బు పెట్టండి.

ఇంత చేశాక కూడా మీ లెక్కకూ బిల్లుకూ పొంతన కుదరకపోతే 1912కు ఫోన్ చేసి మీటరు పరీక్షకు దరఖాస్తు ఎలా పెట్టాలో అడగండి. రోజువారీ రీడింగులు తేదీలతో సహా రాసి ఉంటే మీ వాదన వినడానికి వాళ్ళకూ ఓ ఆధారం దొరుకుతుంది.