డిష్‌వాషర్ మార్చేటప్పుడు ముందు చూడాల్సింది నీళ్లు
పాత డిష్‌వాషర్ పాడై కొత్తది కొనబోయేవారు కంపెనీ పేరు చూసే ముందు తమ ఇంటి నీటిని పరిశీలించుకోవడం మంచిది. బోరు నీటిలో కాఠిన్యం (కరిగి ఉన్న సున్నపు లవణాలు) ఎక్కువగా ఉంటే గ్లాసుల మీద తెల్లటి మరకలు మిగలడమే కాక, హీటరుకు సున్నపు పొర పట్టి యంత్రం త్వరగా దెబ్బతింటుంది కనుక, ఆ కాఠిన్యాన్ని తగ్గించేందుకు ఉప్పు పోసే అర ఉండి, కాఠిన్యాన్ని బట్టి సర్దుకునే వీలున్న మోడల్‌నే ఎంచుకోవాలి. అందులో డిష్‌వాషర్ల కోసం అమ్మే ఉప్పే వేయాలి, వంట ఉప్పు మాత్రం వేయకూడదు. పై అంతస్తువారు నీటి ఒత్తిడి ఎంచుకున్న మోడల్‌కు చాలుతుందో లేదో కూడా గమనించాలి: ట్యాంకు యంత్రానికి 5 మీటర్ల ఎత్తున ఉంటే వచ్చేది సుమారు 0.5 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) మాత్రమే. పాతది తీసిన ఖాళీని కొలుచుకోవాలి (సాధారణ వెడల్పు 60 సెంటీమీటర్లు). కుక్కరు, మూకుడు కింది ట్రేలో పెట్టాక నీళ్లు చిమ్మే రెక్క అడ్డు లేకుండా తిరుగుతుందో లేదో షోరూములోనే చూసుకోవడానికి మొహమాటపడనక్కరలేదు.