తపస్సు కాలంలో విచారణ దేవాలయం గోడకు సున్నపు పూత

పాత విచారణ దేవాలయాల్లో, అంటే స్థానిక క్యాథలిక్ చర్చీల్లో, గోడ అడుగున పూత ఉబ్బి రాలితే చాలాచోట్ల సిమెంటుతో కప్పేస్తారు. కొన్ని వానాకాలాలకే అది పెచ్చులూడి, పక్కనున్న పాత పూతనూ లాగేస్తుంది. సున్నంతో కట్టిన గోడ నేలలోంచి పీల్చిన తడిని పూతలోంచే బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడీ ఉప్పూ లోపలే పేరుకుని ఇటుకను తినేస్తాయి. గోడను మేకుతో గీసి చూడండి. తెల్లటి పొడి సులువుగా రాలితే అది చాలావరకు సున్నపు పూతే.

సున్నం పని నిదానంగా సాగాలి, వానలు ఉండకూడదు. ఈస్టరుకు ముందు ఉపవాస ప్రార్థనలతో గడిపే తపస్సు కాలంలో రెండూ కుదురుతాయి. 2027లో ఆ కాలం మొదలయ్యే విభూతి బుధవారం ఫిబ్రవరి 10. ఆ లెక్కన శనివారాలు పంచుకోవచ్చు.

ఫిబ్రవరి 13న సున్నం నానబెట్టండి. ఆనాటి పూజలో మొదటి పఠనం యెషయా 58వ అధ్యాయంలోది. పాడైనదాన్ని బాగుచేసేవాడన్న పేరు వచ్చేది అక్కడే. పని ముందు దాన్ని మళ్లీ చదవండి. ఇనుప డ్రమ్ములో ముందు 60 లీటర్ల నీళ్లు పోసి, కాల్చిన సున్నపు రాళ్లు 20 కిలోలు కొద్దికొద్దిగా వేయాలి. రాళ్ల మీద నీళ్లు పోస్తే మరిగి మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు తప్పనిసరి; పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. కంట్లో పడితే కనీసం 20 నిమిషాలు మంచినీళ్లతో కడుగుతూనే ఉండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చల్లారాక జల్లెడ పట్టి, పైన నాలుగంగుళాల నీళ్లు నిలిపి మూడు వారాలు వదిలేయండి. ఇది సుమారు 100 చదరపు అడుగులకు ఒక పొరకు వస్తుంది.

తరువాతి రెండు శనివారాలు పాత పూత ఊడదీసే పని. ముందే ఫాదర్ గారితో దివ్య సత్ప్రసాదాన్ని (గుడిలో భద్రపరిచే పవిత్ర అప్పాన్ని) వేరేచోటికి మార్పించండి. యేసు సిలువ మోసిన ఘట్టాలను చూపే సిలువ మార్గం పటాలు వరుస రాసుకుని దించండి. తడి ఎక్కడిదో కనిపెట్టకుండా పూత ముట్టుకోవద్దు: వాన గొట్టం పగిలిందా, గోడ మొదట్లో మట్టి ఎత్తు పెరిగిందా? అది సరిచేశాకే చెక్క పిడితో తట్టి, డొల్లగా మోగినంత మేరా ఇటుక దాకా చెక్కేయండి. యెహెజ్కేలు 13:10 చదవడానికి ఇదే సమయం; నిలవని గోడకు పైపూత పూసే ప్రవక్తల మాట అది. మొదటి అరగంట మాటల్లేకుండా పనిచేస్తే, నేను దేనిమీద పూత పూసుకుంటున్నానన్న ప్రశ్న ఎవరికి వారికే తగులుతుంది. ప్రసంగం అక్కర్లేదు.

మార్చి 6న మొదటి పొర. నానిన సున్నం ఒక వంతు, కడిగిన ఏటి ఇసుక మూడు వంతులు. గోడను ముందురాత్రీ, పని ముందూ తడపాలి. పొర 12 మిల్లీమీటర్లు దాటితే పగులుతుంది. పైన గీతలు గీసి ఉంచితే 13న వేసే పలుచని రెండో పొర పట్టుకుంటుంది.

పని పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. సున్నం గాలిని పీల్చుకుని గట్టిపడుతుంది, అందుకు తడి కావాలి. మార్చి ఎండకు ఒక్కరోజులో ఆరితే వేలితో రాస్తేనే పొడి రాలుతుంది. గోనె పట్టాలు వేలాడదీసి, వారమంతా పొద్దునా సాయంత్రం ఇద్దరు తడపాలి. తాపీ పట్టడానికి పదిమంది వస్తారు, గోనె తడపడానికి ఎవరూ రారు. అందుకే ఈ వంతులు ముందే రాయండి. ఎవరూ చూడని ఆ పావుగంట తపస్సు కాలానికి తగిన సేవ, జపమాలకూ సరిపోతుంది.

ఉపవాసం ఉన్నవాళ్లను పరంజా ఎక్కనివ్వొద్దు, కళ్లు తిరుగుతాయి. ఇసుక జల్లించడం వాళ్లకిచ్చి నీడలో కూర్చోబెట్టండి.

మార్చి 18, 19, 20 తేదీల్లో రోజుకొకటి చొప్పున మూడు పలుచని వెల్లపూతలు. సున్నాన్ని పాలంత పలుచగా కలిపి గుడ్డలో వడకట్టాలి. చిక్కగా కొడితే పొరలుగా లేస్తుంది. 19 పునీత జోజప్ప గారి పండుగ, శుక్రవారం కూడా; వెల్ల పొద్దున్నే ముగించి సాయంత్రం సిలువ మార్గానికి చోటు శుభ్రం చేయండి. 20 రాత్రికి పరంజా దిగిపోవాలి, మర్నాడు మ్రానికొమ్మల ఆదివారం.

మిగిలిన సున్నాన్ని పారేయొద్దు. నీళ్లు నిలిపి, మూత బిగించి, తాళం ఉన్న గదిలో పెట్టండి; వచ్చే ఏడాదికి ఇంకా మెత్తగా, ఇంకా బాగా పనికొస్తుంది.