పేజీలు వాటంతటవే తిరుగుతున్నాయా? ముందు వైరు పీకండి

హనుమకొండలో నాది చిన్న మొబైల్ రిపేర్ షాపు. వచ్చేవన్నీ దాదాపు ఫోన్లే. యూనివర్సిటీ, ఎన్‌ఐటీ పిల్లల పుణ్యమా అని పుస్తకాలు చదువుకునే కిండిల్ లాంటి ఈ-రీడర్లు కూడా అప్పుడప్పుడూ బల్ల మీదికి వస్తాయి. తెచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "అన్నా, పేజీ సక్కగ తిరుగుతలేదు."

ఈ ఒక్క మాట వెనక అయిదారు వేర్వేరు జబ్బులుంటాయి. ఏది అని అడిగేలోపే "రీసెట్ కూడా కొట్టి చూసిన" అంటారు. ఫ్యాక్టరీ రీసెట్ అంటే మీరు యూఎస్‌బీతో ఎక్కించుకున్న పుస్తకాలన్నీ పోయినట్టే. కొన్నవి అకౌంట్‌లో ఉంటాయి కాబట్టి మళ్లీ దిగుతాయి. వాట్సాప్‌లో దొరికినవి, స్నేహితుడి పెన్‌డ్రైవ్ నుంచి తెచ్చుకున్నవి రావు. అంత దూరం పోయేముందు చేయాల్సిన పనులు మూడు: చార్జింగ్ వైరు పీకడం, కవర్ తీసేయడం, తెరను పొడి మెత్తటి గుడ్డతో అంచుల దాకా తుడవడం. రెండు నిమిషాలు కూడా పట్టదు. అయినా ఎవ్వరూ చేయరు.

బటనా, టచ్చా, రెండూనా?

మీ దాంట్లో పేజీ బటన్లుంటే పరీక్ష సులువు. ఒకే పనికి రెండు దారులున్నాయి కాబట్టి ఏ దారి మూసుకుపోయిందో వెంటనే తెలుస్తుంది. బటన్ నొక్కితే పేజీ తిరిగి, వేలితో తాకితే తిరగకపోతే తప్పు టచ్‌ది. దానికి తిరగబడి ఉంటే తప్పు బటన్‌ది. రెండిటికీ కదలకపోతే ఆ రెండూ నిర్దోషులు, లోపల పుస్తకమో సాఫ్ట్‌వేరో ఇరుక్కుంది.

2007లో వచ్చిన మొదటి కిండిల్‌కు బటన్లే దిక్కు. 2011లో కిండిల్ టచ్ వచ్చాక అవి మెల్లగా మాయమయ్యాయి. 2014 నాటి కిండిల్ వాయేజ్‌లో అంచును గట్టిగా ఒత్తితే సన్నగా వణికే ఒత్తిడి సెన్సర్లు పెట్టారు. బటన్ కాని బటన్ అన్నమాట, నాకెప్పుడూ నచ్చలేదు. 2016లో కిండిల్ ఒయాసిస్‌తో నిజం బటన్లు తిరిగొచ్చాయి, 2024లో ఆ మోడల్ కూడా ఆగిపోయింది. బటన్లే కావాలనేవాళ్లు కోబో అనే వేరే కంపెనీ లిబ్రా మోడల్ వైపు చూస్తున్నారు. బటన్ లేని మోడలైతే పుస్తకంలోంచి హోమ్ పేజీకి వచ్చి అక్కడ తాకి చూడండి. అక్కడ బాగా పనిచేసి పుస్తకంలోనే మొరాయిస్తే తప్పు టచ్‌ది కాదు, పుస్తకానిది.

దేనికీ కదలడం లేదు

తెలుగు చదివేవాళ్ల దగ్గర ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే మన చేతుల్లో తిరిగే పాత పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. ప్రతి పేజీ ఒక ఫొటో. దాన్ని తెరిచి, కుదించి, తెర మీద పరవడానికి ఆ చిన్న ప్రాసెసర్‌కు టైమ్ పడుతుంది. ఈలోపు మనకు ఓపికుండదు, టకటకా ఇంకో నాలుగు సార్లు నొక్కుతాం. అది అన్నీ గుర్తుపెట్టుకుని, తేరుకున్నాక ఒకేసారి అయిదు పేజీలు తిప్పుతుంది. మనమేమో బటన్ పోయిందంటాం.

ఒక్కసారి నొక్కి అయిదు దాకా లెక్కపెట్టండి. తిరిగితే జబ్బు ఫైల్‌దే. దాన్ని అధ్యాయాలుగా విడగొట్టి, రంగులు తీసేసి నలుపు-తెలుపుగా మార్చి మళ్లీ ఎక్కించండి. ఒకేసారి వంద పుస్తకాలు ఎక్కించినవాళ్లు దాన్ని చార్జింగ్‌లో పెట్టి ఒక రాత్రి వదిలేయండి, వెతకడానికి వీలుగా పుస్తకాలన్నిటికీ ఇండెక్స్ (పదాల పట్టిక) చేసుకుంటుంది. అసలే బిగుసుకుపోతే పవర్ బటన్‌ను 40 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. మధ్యలో తెర మీద ఏదో అడుగుతుంది, అది చూసి చాలామంది వేలు తీసేస్తారు. తీయకండి.

ముందుకు పోవాల్సింది వెనక్కి పోతోంది

ఇది రిపేరే కాదు. కిండిల్‌లో తెర ఎడమ అంచున సన్నటి పట్టీ వెనక్కి, మిగతా చాలా భాగం ముందుకు. ఎడమ చేత్తో పట్టుకుని బొటనవేలితో తాకితే ఆ పట్టీ మీదే పడుతుంది. తాకడం మాని, వేలిని కుడి నుంచి ఎడమకు జరపండి. బటన్లున్నవాటిలో ఏది ముందుకు, ఏది వెనక్కి అనేది సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. ఇంట్లో పిల్లలుంటే ఎవరో ఇప్పటికే మార్చి ఉంటారు.

వాటంతటవే తిరుగుతున్నాయి

నన్ను ముంచింది ఇదే, కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

కాజీపేట నుంచి ఒక రిటైర్డ్ సార్ వచ్చారు. ఒకసారి తాకితే మూడు పేజీలు పోతున్నాయి, మెనూ దానంతటదే తెరుచుకుంటోంది, అక్షరాలు పెద్దవైపోతున్నాయి. నా ముందు మాత్రం బుద్ధిగా ఉంది. తుడిచి, రీస్టార్ట్ చేసి ఇచ్చాను. మూడు రోజులకు మళ్లీ వచ్చారు. ఈసారి నేనే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను (పైన తిట్టింది నన్ను నేను కూడా అనుకోండి). వారం తిరక్కుండా మళ్లీ. "ఏం తమ్మీ, నీ దుకాణంల మంచిగుంటది, నా ఇంట్లకు పోంగనే గిట్ల చేస్తాంది" అన్నారు. ఆ మాటలోనే జవాబు ఉంది. నేను వినిపించుకోలేదు. టచ్ స్ట్రిప్ లూజైందేమో అనుకుని మూత విప్పాను. ఈ-ఇంక్ డిస్‌ప్లేలో (కాగితంలా కనిపించే ఈ-రీడర్ తెర) చాలావాటికి వెనక పల్చటి గాజు ఉంటుంది, పాల మీగడలా చూసుకోవాలి. మూలలో చిన్న చిటుకు వినపడింది. అంతే, తెర మీద అడ్డంగా గీతలు. కొత్త డిస్‌ప్లే దాదాపు కొత్త మెషిన్ ధర. ఆ డబ్బు నా జేబులోంచి పోయింది.

డిస్‌ప్లే మార్చాక కూడా జబ్బు అలాగే ఉంది. అప్పుడు ఒక సాయంత్రం నేనే వాళ్లింటికి పోయాను. కరెంటు లేదు, ఇన్వర్టర్ మీద నడుస్తోంది. సార్ పడక కుర్చీలో కూర్చుని, పక్కన గోడ బోర్డుకు వైరు తగిలించి చదువుతున్నారు. పేజీలు చిందులేస్తున్నాయి. వైరు పీకాను, ఆగిపోయింది. పెట్టాను, మొదలైంది. ఇంతలో కరెంటు వచ్చింది. అదే వైరు, అదే చార్జర్, ఇప్పుడు చిందులు బాగా తగ్గాయి. షాపులో నేను ఎప్పుడూ వైరు లేకుండానే పరీక్షించాను మరి.

జరుగుతున్నది ఇది. ఇప్పటి ఈ-రీడర్లలో చాలావాటి టచ్ ఫోన్ లాంటిదే: తెర పైపొరలో కంటికి కనపడని గీతల వల ఉంటుంది, మీ వేలు దగ్గరికి వస్తే ఆ గీతల మధ్య విద్యుదావేశం రవ్వంత మారుతుంది, చిప్పు ఆ మార్పును కొలుస్తుంది. రెండు పిన్నుల చార్జర్‌కు ఎర్త్ ఉండదు. నాసిరకం చార్జర్ లోపల్నుంచి సన్నటి కరెంటు అలజడి ఒకటి వైరు గుండా మెషిన్‌లోకి వస్తూ ఉంటుంది, మెషిన్ మొత్తం ఆ అలజడితో కలిసి ఊగుతుంది. మీ ఒళ్లేమో నేలకు దగ్గర, ఊగదు. వేలు తెరకు తగిలిన చోట ఈ రెండింటి తేడా చిప్పుకు బోలెడన్ని తాకుళ్లలా కనిపిస్తుంది. అందుకే టేబుల్ మీద ముట్టకుండా వదిలేస్తే నిమ్మళంగా ఉంటుంది, వేలు పెడితేనే పూనకం వస్తుంది. లోహపు వీపున్న మోడళ్లలో చార్జింగ్ పెట్టినప్పుడు నిమిరితే వేళ్లకు సన్నగా జుమ్మంటుంది చూడండి, అదీ ఆ బాపతే.

ఇన్వర్టర్ కథేంటంటే, బోర్డు కరెంటు మెల్లగా అలలా ఎక్కి దిగుతుంది. చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌లో అది మెట్లలా ఒక్కసారిగా పైకీ కిందికీ దూకుతుంది. దూకుడు ఎంత నిటారుగా ఉంటే చార్జర్‌లోంచి దాటే అలజడి అంత ఎక్కువ. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇది చాలా తక్కువ. వేసవిలో ఈ ఫిర్యాదు నాకు ఎందుకు పెరుగుతుందో అప్పటిదాకా అర్థం కాలేదు. ఎండకు తెర పాడవుతోందనుకునేవాణ్ని.

మీరు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. వైరు పీకి అరగంట చదవండి. పేజీలు కుదురుగా ఉంటే సగం తేలినట్టే. ఇప్పుడు అదే వైరును పవర్ బ్యాంకుకు పెట్టి చదవండి, పవర్ బ్యాంకును మాత్రం గోడకు తగిలించకుండా. అక్కడా కుదురుగా ఉంటే మెషిన్ మంచిదే, వైరు మంచిదే, తప్పు చార్జర్‌దో ఇన్వర్టర్‌దో. పవర్ బ్యాంకు మీద కూడా గెంతితే వైరు మార్చి చూడండి. వైరే లేకుండా కూడా గెంతుతుంటే అప్పుడు నా దగ్గరికి రండి.

మందు కూడా చవకే: చార్జింగ్‌లో పెట్టి చదవకండి. ఇవి ఫోన్లు కావు, రోజుకు అరగంట చదివితే వారాల తరబడి వస్తాయి. తప్పదంటే ఫుట్‌పాత్ మీది చార్జర్ పారేసి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ముద్ర, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నది కొనండి. వాట్లు చూసి భయపడొద్దు, మంచి చార్జర్ అయితే మెషిన్ తనకు కావలసినంతే లాక్కుంటుంది. బటన్లున్నవాళ్లకు ఇంకో దారి ఉంది. బటన్ కింద ఉన్నది మామూలు స్విచ్చు, దానికి ఈ అలజడితో సంబంధం లేదు. ఒయాసిస్‌లో టచ్‌ను తాత్కాలికంగా ఆపేసే సదుపాయం ఉంది, ఆపేసి బటన్లతో చదువుకోవచ్చు. బటన్లు పాతకాలం అనేవాళ్లకు నేను చూపించేది ఇదే.

బటన్ ఒకసారి నొక్కితే రెండు పేజీలు, లేదా టక్కుమనడం లేదు

టక్కుమని శబ్దం వస్తూ పేజీ రెండుసార్లు తిరిగితే లోపలి స్విచ్చు అరిగింది, మార్చాల్సిందే. టక్కుమనకపోతే ముందు కవర్ తీసి చూడండి. బయట కొన్న కవర్ల అంచు బటన్‌ను సగం నొక్కి పట్టేస్తుంది, చాలావరకు అంతే. కవర్ తీసినా మెత్తగా దిగబడుతుంటే సందులో ఏదో పోయింది. ఒకసారి బొబ్బట్టు పాకం తీశాను. పవర్ ఆపి, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)లో చెవి దూదిపుల్ల తడిపి పిండేసి బటన్ చుట్టూ తుడవండి, ఆరనిచ్చి యాభై సార్లు నొక్కండి. దయచేసి కొబ్బరినూనె పోయకండి. కుట్టు మిషన్ నూనె కూడా వద్దు. రెండూ చూశాను.

2011 నాటి పాత టచ్ మోడళ్లు

కిండిల్ టచ్, కోబో టచ్, నూక్ సింపుల్ టచ్ లాంటివి ఎవరి దగ్గరైనా ఇంకా ఉంటే వాటి లెక్క వేరు. తెర చుట్టూ ఎత్తుగా ఉన్న చట్రంలోంచి ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు అడ్డంగా పోతుంటాయి, వేలు వాటిని అడ్డుకుంటే టచ్. పెన్సిల్ మొనకు కూడా పేజీ తిరిగితే మీది ఈ రకమే. వీటికి చార్జర్ గోల తక్కువ, దూది గోల ఎక్కువ. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి కొనుగోళ్లలో తిరిగే ఒకాయన మెషిన్‌లో చట్రం మూలన ఒక్క పత్తి పోగు ఇరుక్కుని కిరణాన్ని ఆపేసింది. మెషిన్‌కు ఎవరో వేలు పెట్టి తీయడం లేదన్నట్టే లెక్క. మెత్తటి పెయింట్ బ్రష్‌తో నాలుగు మూలలా ఊడిస్తే చాలు.

ఇక మిగిలినవి. తడి చేతులు, తెర మీద నీటి చుక్క: తుడుచుకోండి. మందం స్క్రీన్ గార్డ్: పీకేయండి, ఈ-ఇంక్‌కు అది అవసరమే లేదు. ఆదిలాబాద్ చలికాలం తెల్లవారుజామున పేజీ మందకొడిగా మారుతోందా, ఈ-ఇంక్ చలికి అలాగే ఉంటుంది, ఎండ ఎక్కాక చూడండి. వీపు ఉబ్బినట్టుండి తెర అంచు లేచిందంటే మాత్రం అది బ్యాటరీ. దాన్ని నొక్కకండి, చార్జింగ్ పెట్టకండి, ఆపేసి అలాగే తీసుకురండి.