చెక్క ఓడ నమూనా ఎలా చేయాలి? ఏది ముందు, ఏది తర్వాత

ఓడ బొమ్మ మొదలుపెట్టి మధ్యలో అటక మీద పడేసేవాళ్లలో ఎక్కువమందికి లేనిది పనితనం కాదు, వరుస తెలియదంతే. మాస్ట్, అంటే తెరచాపలు కట్టే నిలువు స్తంభం, నిలబెట్టేశాక దానికి కప్పీ కట్టలేదని గుర్తొస్తుంది. అప్పటికి చుట్టూ తాళ్లు వచ్చేసి వేలు దూరే సందు ఉండదు. అందుకే ఇక్కడ కొలతల కన్నా వరుస గురించే ఎక్కువ చెబుతాను.

ఏ ఓడ?

ఫోటో చూసి హెచ్.ఎం.ఎస్. విక్టరీ మీద మనసు పారేసుకోకండి. 1765లో నీళ్లలోకి దిగిన ఆ బ్రిటిష్ యుద్ధనౌకకు మూడు మాస్టులు, ట్రఫాల్గర్ యుద్ధం నాటికి 104 ఫిరంగులు. తాళ్లన్నీ కలిపితే 42 కిలోమీటర్ల దాకా ఉంటాయంటారు. మొదటి ఓడకు ఒక మాస్ట్ చాలు. మన తీరంలో దొరికిన శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు మాస్టుల ఓడ ఉంటుంది కదా, అది చేద్దాం అని కొందరికి అనిపిస్తుంది. ఆలోచన బాగుంది గానీ నాణెం మీద బొమ్మ ప్లాన్ కాదు, అది రెండో ఓడకో మూడో ఓడకో ఉంచుకోండి.

స్కేలు 1:48 పెట్టుకోండి. అసలు ఓడలో ఒక అడుగు మీ బొమ్మలో పావు అంగుళం. లెక్క నోటితో అయిపోతుంది, వేళ్లకూ చోటుంటుంది.

సామాను

ముక్కలన్నీ కోసి పెట్టెలో పెట్టి అమ్మే కిట్‌లు చాలావరకు ఇటలీ, స్పెయిన్ లాంటి చోట్ల నుంచి వస్తాయి, కస్టమ్స్‌తో కలిపి ధర చుక్కలు చూపిస్తుంది. ప్లాన్ ఒక్కటి సంపాదించుకుంటే మిగతావి నెల్లూరు, ఒంగోలు బజార్లలో దొరుకుతాయి. అడ్డు పలకలకు 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్. పైన పరిచే పట్టీలు 5 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం ఉండాలి, సన్న పని చేసే వడ్రంగి దగ్గర కోయించుకోండి. టేకు వద్దు. దాని ఈనెలు ఈ సైజులో మరీ పెద్దగా కనిపించి బొమ్మను బొమ్మలాగే చూపిస్తాయి. ఈనె కనపడని, లేత రంగు చెక్క అడగండి. కప్పీల లాంటి చిన్న వస్తువులకు ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్ల దగ్గర మిగిలిన ముక్కలు అడిగి చూడొచ్చు. తాళ్లు చుట్టి ఆపే చిన్న మేకులకు అగరుబత్తి పుల్ల బాగా పనికొస్తుంది, అది వెదురే కాబట్టి అంత సులువుగా విరగదు. ఇవి కాక ఫెవికాల్, బట్టల క్లిప్పులు, మూడు రకాల సాండ్‌పేపర్, కంసాలులు వాడే సన్న పట్టకారు, తేనెమైనం.

అస్థిపంజరం

అడుగున పొడుగ్గా ఉండేది కీల్. దానికి అడ్డంగా పలకలు గాట్లలో కూర్చుంటాయి. ముందు జిగురు లేకుండా అన్నీ అమర్చి, ముక్కు వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. కీల్ ఏమాత్రం వంకర ఉన్నా ఇక్కడే సరిచేయాలి, పట్టీలు పడ్డాక బ్రహ్మదేవుడు కూడా సరిచేయలేడు.

జిగురు ఆరాక పలకల అంచులు ఏటవాలుగా అరగదీయాలి. ఎంత అరగదీయాలో కంటికి తెలియదు. ఒక పట్టీని ముక్కు నుంచి వెనక దాకా పలకల మీద ఆనించి పట్టుకోండి. ప్రతి పలక అంచూ దానికి పూర్తిగా ఆనాలి. ఎక్కడైనా మూల ఒక్కటే తగులుతుంటే అక్కడ ఇంకా అరగదీయాలి. పట్టీ పైకి లేచి వెలుతురు కనపడితే ఎక్కువ తీశారన్నమాట, అక్కడ సన్న చెక్క అతికించి మళ్లీ మొదలు. ఈ పని విసుగ్గా ఉంటుంది. ఓడ ఒంపు మాత్రం ఇక్కడే తేలుతుంది.

పట్టీలు

డెక్, అంటే ఓడ పైన నడిచే చెక్క నేల, దాని అంచు నుంచి కిందికి రండి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఒకే వైపు వేసుకుంటూ పోతే కీల్ అటు లాగేస్తుంది. ఓడ మధ్యలో చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ కాబట్టి పట్టీని ముక్కు వైపు సన్నం చేయాలి. సగం కన్నా సన్నం చేయొద్దు, చీలిపోతుంది. వంచడానికి వేడినీళ్లలో నానబెట్టి, వంపు ఉన్నచోట క్లిప్పులతో బిగించి, ఆరాకే ఫెవికాల్ పెట్టండి. తడి మీద అతికిస్తే చెక్క ఆరి ముడుచుకుని సందులు వస్తాయి.

మన వాతావరణం కూడా చూసుకోవాలి. నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఆ తేమలో పరిచిన పట్టీలు రోహిణి కార్తె ఎండకు విడిపోతాయి. పొడి రోజుల్లో పరచండి. చెక్కను కొన్నాళ్లు అదే గదిలో ఉంచి వాడండి. చిన్న సందులకు రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి కూరితే సరి.

మాస్ట్ నిలబెట్టకముందే

మాస్ట్‌కు వచ్చే కప్పీలు, రింగులు, రంధ్రాలు అన్నీ బల్ల మీద ఉండగానే అయిపోవాలి. డెక్ మీద తాళ్లు కట్టే మేకులూ అంతే. ప్లాన్‌లోని ప్రతి తాడూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కాగితం మీద రాసుకుని, చివర్లు రెండూ సిద్ధమయ్యాయో లేదో టిక్ పెట్టుకోండి. టెన్షన్ సగం తగ్గుతుంది.

తాళ్లు

దారం దర్జీ సామాను అమ్మే కొట్లో కొనుక్కోండి. గాలానికి వాడే నైలాన్ వద్దు, మెరుస్తుంది, ముడి నిలవదు. దారాన్ని తేనెమైనం మీదుగా లాగితే నూగు అణుగుతుంది. మాస్ట్‌ను కదలకుండా పట్టే తాళ్లకు అసలు ఓడల్లో తారు పూసేవారు కాబట్టి అవి ముదురు రంగు. తెరచాపలను నడిపే తాళ్లు లేత రంగు. ముదురువి ముందు, లేతవి తర్వాత. మధ్య నుంచి బయటికి, కింది నుంచి పైకి.

మాస్ట్ పక్కల దిగే తాళ్లను ష్రౌడ్‌లు అంటారు. ఇవి జతలుగా వస్తాయి. కుడివైపు ముందు జత, తర్వాత ఎడమవైపు ముందు జత, ఇలా మారుస్తూ కట్టండి. ఒకవైపే బిగిస్తే మాస్ట్ వాలుతుంది.

ష్రౌడ్‌ల మీద నావికులు ఎక్కడానికి అడ్డంగా మెట్లు కట్టాలి. అసలు ఓడలో వాటి మధ్య 13 నుంచి 15 అంగుళాలు, మీకు 7 నుంచి 8 మిల్లీమీటర్లు. తెల్ల అట్ట మీద ఆ గీతలు గీసి ష్రౌడ్‌ల వెనక నిలబెట్టండి. ముడి ఇలా: దారాన్ని ష్రౌడ్ చుట్టూ ఒకసారి తిప్పండి. ఆ చుట్టు మీదుగా దాటించి రెండోసారి తిప్పండి. కొసను ఆ దాటిన పోగు కిందే దూర్చి లాగండి. వలను పై తాడుకు కట్టేటప్పుడు వేసేదీ ఇలాంటి ముడే. మైపాడులోనో కొత్తపట్నంలోనో వల బాగుచేసేవాళ్ల పక్కన కాసేపు కూర్చుంటే వాళ్ల వేళ్లు చూసే నేర్చుకోవచ్చు.

బిగించి లాగొద్దు. లాగితే ష్రౌడ్‌లు మధ్యలో ఒకదానివైపు ఒకటి జరిగిపోతాయి. ముందు ఆరో గీత, పన్నెండో గీత అలా వదిలి వదిలి కట్టి, తర్వాత మధ్యవి పూరించండి. ముడి నచ్చాకే, నీళ్లు కలిపిన ఫెవికాల్ చుక్క పుల్లతో పెట్టండి. ఇన్‌స్టంట్ గ్లూ అయితే దారం నల్లగా, గట్టిగా అయిపోయి తాకితే విరుగుతుంది.

తెరచాపలు లేకుండా వదిలేసినా తప్పులేదు, నాకైతే తాళ్లు కనపడటమే ఇష్టం. దుమ్ము, ఉప్పుగాలి నుంచి కాపాడటానికి ఫోటో ఫ్రేములు కట్టేవాళ్లతో గాజు పెట్టె చేయించండి. కొలత ఇచ్చేటప్పుడు డెక్ పొడవు కాకుండా ముక్కు మీద బయటికి పొడుచుకొచ్చిన కర్ర చివరి దాకా కొలిచి, నాలుగు వైపులా మరో 5 సెంటీమీటర్లు కలపండి.